రంగూన్ రేవును మోసిన భుజాలు ఎవరివి?

ఈ వారం ఎపిసోడ్ మా ఊరి నుంచే మొదలుపెడతాను. మాది రావిర్యాల. శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు దగ్గర్లోనే ఉంటుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద పోయేవాళ్లకు ఎగ్జిట్ బోర్డు మీద మా ఊరి పేరు కనిపిస్తుంది. వండర్‌లాకి వచ్చినవాళ్లకైతే చెప్పక్కర్లేదు.

పొద్దున ఆరింటికి మా రోడ్డు మీద నిలబడితే ఒక సీన్ రోజూ చూడొచ్చు. పచ్చ జాకెట్లు, పసుపు హెల్మెట్లు, చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా. బిహార్, జార్ఖండ్, ఒడిశా నుంచి వచ్చిన పిల్లలు కంపెనీ బస్సు కోసం, డీసీఎం కోసం ఎదురుచూస్తుంటారు. అక్కడే ఒక చాయ్ బండి. నడిపేది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన. ఒకరోజు మాటల్లో, వాళ్ల కుటుంబం ఎప్పటినుంచి ఇట్లా ఊళ్లు పట్టుకుని తిరుగుతోందని అడిగాను. ఆయన గ్లాసులు కడుగుతూ అన్నాడు: "మా తాత తండ్రి రంగమెల్లిపోనాడు బాబూ. మరి తిరిగి రానేదు."

రంగమా? నాకు తెలిసిన 'రంగం' ఒక్కటే, జీవా సినిమా. అదే అన్నాను. ఆయన నవ్వి, "రంగమంటే రంగూను బాబూ, బర్మా" అన్నాడు.

ఆ ఒక్క ముక్క పట్టుకుని చదవడం మొదలుపెట్టాను. ఇవాళ చెప్పబోయేది ఆ రంగూన్ రేవు కథ. అదొక నది రేవు. ఆసియాలో పెద్ద పారిశ్రామిక రేవుల్లో ఒకటిగా ఎదిగింది. దాన్ని నడిపించిన చేతుల్లో చాలా భాగం తెలుగు చేతులు. అయినా మన స్కూలు పుస్తకాల్లో నేనైతే ఒక్క లైను కూడా చదివిన గుర్తు లేదు.

ముందు మన రేవు సంగతి

రంగూన్ వెళ్లేముందు ఒక్క నిమిషం మన గోదావరి దగ్గర ఆగుదాం. కాకినాడ దగ్గర కోరంగి అని ఒక ఊరుంది. ఇవాళ అక్కడికి టూరిస్టులు మడ అడవులు చూడటానికి, బోటెక్కి సెల్ఫీలు దిగడానికి వెళ్తున్నారు. ఒకప్పుడు అది గోదావరి పాయ మీద పేరున్న ఓడరేవు. అక్కడ ఓడలు కట్టేవాళ్లు, పాత ఓడలకు మరమ్మతులు చేసేవాళ్లు.

ఆ రేవును రెండు దెబ్బతీశాయి. ఒకటి తుఫాను. 1789లో, మళ్లీ 1839లో సముద్రం ఉప్పెనలా వచ్చి ఊరిని ముంచింది. రెండోది నెమ్మదిగా చంపే దెబ్బ, ఒండ్రు. గోదావరి ఏటా తెచ్చి పోసే మట్టితో ఓడలు వచ్చే దారి పూడుకుపోయింది. వ్యాపారం పక్కనే ఉన్న కాకినాడకు జరిగిపోయింది.

రేవు పోయింది కానీ పేరు పోలేదు. ఈ తీరం నుంచి సముద్రం దాటిన తెలుగువాళ్లను బర్మాలో 'కొరింగీ'లు అన్నారు. శ్రీకాకుళం నుంచి వచ్చినా, విశాఖ నుంచి వచ్చినా, గోదావరి జిల్లాల నుంచి వచ్చినా అందరూ కొరింగీలే. అటు మారిషస్‌లో కూడా తెలుగువాళ్లకు ఇదే పేరు పడింది. చచ్చిపోయిన ఒక రేవు పేరు, బతుకుతెరువు కోసం పోయిన మనుషుల నెత్తిన అట్లా ఉండిపోయింది.

రంగూన్ ఎట్లా పెరిగింది

1852. ఈ సంవత్సరం గుర్తుపెట్టుకోండి. ఇక్కడ ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. అదే ఏడాది అక్కడ బ్రిటిష్ వాళ్లు రెండో బర్మా యుద్ధంలో రంగూన్‌ను, కింది బర్మాను ఆక్రమించుకున్నారు. గీతలు గీసినట్టు తిన్నని వీధులతో కొత్త నగరం ప్లాన్ వేశారు.

రంగూన్ సముద్రం ఒడ్డున లేదు. సముద్రం నుంచి నదిలో 30 కిలోమీటర్లకు పైగా లోపలికి వెళ్తే వస్తుంది. తుఫాను దెబ్బ అంతగా తగలదు, పెద్ద ఓడలు పోటు చూసుకుని లోపలిదాకా రాగలవు. ఒక్క ఇబ్బంది ఏంటంటే బర్మాకు ప్రాణం లాంటి ఐరావతి నది ఈ ఊరి పక్క నుంచి నేరుగా పారదు. పడమటగా పారుతుంది. అందుకని 1880ల్లో త్వాంటే కాలువ తవ్వి, తర్వాత దాన్ని వెడల్పు చేసి, రంగూన్ నదిని ఐరావతితో కలిపారు. సుమారు 35 కిలోమీటర్ల కాలువ. దాంతో డెల్టా ఊళ్ల నుంచి పడవలు తిన్నగా రేవుకు రావడం మొదలైంది.

రైలు కూడా వచ్చింది. 1877లో రంగూన్ నుంచి ప్రోమ్ దాకా బర్మా మొదటి రైలు మార్గం. 1889లో మాండలే దాకా ఇంకొకటి. నది మీద ఐరావతి ఫ్లొటిల్లా కంపెనీ ఉండనే ఉంది. 1865లో మొదలైన ఆ కంపెనీ దగ్గర 1920ల చివరికి 600కు పైగా స్టీమర్లు, సరుకు పడవలు ఉండేవి. ఒక నది మీద నడిచే పడవల దండు అంత పెద్దది ప్రపంచంలో ఇంకెక్కడా లేదని చెప్పుకునేవాళ్లు. నదికి అవతలి గట్టున దలా అనే చోట వాళ్ల సొంత ఓడల కార్ఖానా.

ఈ దారులన్నీ ఏం మోసుకొచ్చాయి? మూడు సరుకులు ప్రధానం. మొదటిది బియ్యం. 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక యూరప్ దగ్గరైంది, బర్మా బియ్యానికి గిరాకీ పెరిగింది. డెల్టాలో అడవులు కొట్టి మళ్లు చేశారు. వడ్లు పడవల్లో వచ్చేవి, పజుండాంగ్ వాగు గట్టున వరసగా ఉన్న మిల్లుల్లో పడేవి. ఆ మిల్లులకు బొగ్గు పెద్దగా కొనక్కర్లేదు, వడ్ల ఊకనే బాయిలర్లలో వేసి ఆవిరి పుట్టించేవాళ్లు. 1930ల నాటికి బర్మా నుంచి ఏటా సుమారు 30 లక్షల టన్నుల బియ్యం బయటికి పోయేది. ప్రపంచంలో అంత బియ్యం అమ్మిన దేశం అప్పట్లో ఇంకోటి లేదు.

రెండోది టేకు. మన పాత ఇళ్లలో ఇప్పటికీ గర్వంగా చూపించే బర్మా టేకు తలుపులు ఆ నది మీద తేలుతూ వచ్చిన దుంగలే. మూడోది నూనె. ఎగువన ఎనాంజాంగ్ నూనె బావుల నుంచి మొదట పడవల్లో, 1909 ప్రాంతం నుంచి పైపులైన్లో, రంగూన్‌కు ఎదురుగా ఉన్న సిరియం రిఫైనరీకి ముడి చమురు చేరేది.

ఇంకొక్క విషయం. రంగూన్‌కు కూడా కోరంగి గతే పట్టేది. నది ఒరుసుకుంటూ తన దారి మార్చుకోవడం మొదలుపెట్టింది. అట్లాగే వదిలేస్తే రేవుకు నీళ్లు దూరమైపోతాయి. దాంతో పోర్టు కమిషనర్లు 1910 నుంచి 1914 మధ్య నదిలో సుమారు రెండు మైళ్ల రాతి గోడ కట్టించి ప్రవాహాన్ని మళ్లీ రేవు వైపు తిప్పారు. డబ్బున్న రేవు నదిని కూడా తిప్పుకోగలిగింది. కోరంగి కోసం అట్లాంటి గోడ ఎవరూ కట్టలేదు.

డెక్కు మీద ప్రయాణం

ఇప్పటిదాకా చెప్పింది మ్యాపులో కనిపించే కథ. కాలువ, రైలు, స్టీమరు, పైపులైను. ఇంకో దారి ఉంది. అది మనుషుల్ని తెచ్చిన దారి.

కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, ఇటు గోపాల్‌పూర్. ఈ ఊళ్ల ముందు బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ స్టీమర్లు ఆగేవి. విశాఖలో లోపలి హార్బరు 1933లో గానీ తెరవలేదు. అంతకుముందు స్టీమరు దూరంగా సముద్రంలో లంగరేసుకుని ఉండేది. జనం చిన్న పడవల్లో అలల మీద ఎగిరెగిరి పడుతూ పోయి దాన్ని ఎక్కాలి. టికెట్ డెక్ క్లాసు. అంటే పైన ఖాళీ జాగాలో చాప పరుచుకుని, ఎండకు వానకు అట్లాగే కొన్ని రోజులు.

ఎందుకు పోయారు? భూమి లేకపోవడం, జమీందారీ పన్నులు, వాన పడకపోతే పస్తులు. అక్కడేమో ఇక్కడికంటే ఎక్కువ కూలి. వరి కోతలయ్యాక మిల్లులు జోరుగా తిరిగే నెలల్లో పోయి, నాలుగు డబ్బులు వెనకేసుకుని తిరిగొచ్చేవాళ్లు చాలామంది. కొందరు రెండు మూడేళ్లు ఉండేవాళ్లు. కొందరు ఉండిపోయారు. పోయినవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లే. 1920ల్లో రంగూన్ రేవులో ఏటా దిగే మనుషుల సంఖ్య మూడు లక్షలు దాటేది. వలస వచ్చే జనం లెక్కలో ఈ ఊరు న్యూయార్క్‌తో పోటీపడింది. ఊరికే పోల్చడం కాదు, చరిత్రకారులు లెక్కలేసి చెప్పిన మాట ఇది. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ జనం నాలుగు లక్షలు. అందులో రెండు లక్షలకు పైగా భారతదేశం నుంచి వచ్చినవాళ్లే. బర్మా రాజధానిలో బర్మావాళ్లే మైనారిటీ.

తమిళ చెట్టియార్లు వడ్డీ వ్యాపారంలో ఉండేవాళ్లు, చిట్టగాంగ్ వాళ్లు నది స్టీమర్ల మీద పనిచేసేవాళ్లు. మరి తెలుగువాళ్లు? ఓడల్లోకి బస్తాలు మోసింది వీళ్లు. మిల్లుల్లో వడ్లు ఎత్తి పోసింది వీళ్లు. రిక్షా లాగింది వీళ్లు. ఊరి పాయఖానాలు ఎత్తింది కూడా వీళ్లే.

మేస్త్రీ

ఇక్కడ మన తెలంగాణ వాళ్లకు బాగా తెలిసిన ఒక మనిషి వస్తాడు. మేస్త్రీ.

మా పక్కనే పాలమూరు. పాలమూరు కూలీలు దేశమంతా డ్యాములు, కాలువలు కట్టారని వినే ఉంటారు. వాళ్లను గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి తోలుకుపోయేవాడు. అడ్వాన్సు తీరేదాకా మనిషి అతని కింద కట్టుబడి ఉండాల్సిందే. సరిగ్గా ఇదే పద్ధతి రంగూన్‌లో అంతకుముందే నడిచింది. మేస్త్రీ ఊరికొచ్చి ఓడ ఖర్చుకు, ఇంట్లో ఇచ్చి రావడానికి డబ్బులిచ్చేవాడు. కూలి అక్కడ దిగేసరికే అప్పులో ఉండేవాడు. ఓడ కంపెనీ పనిని స్టీవ్‌డోర్ కంపెనీకి ఇచ్చేది. అది కాంట్రాక్టరుకు, కాంట్రాక్టరు పెద్ద మేస్త్రీకి, పెద్ద మేస్త్రీ చిన్న మేస్త్రీకి. ప్రతి మెట్టు దగ్గరా కొంత కోత. చివరికి బస్తా మోసినవాడి చేతిలో పడేది ఆ మిగిలినదే. 1929లో వేసిన రాయల్ లేబర్ కమిషన్ ఈ వ్యవహారం మొత్తం విచారించి, 1931 రిపోర్టులో తప్పుపట్టింది కూడా.

పడక సంగతి ఇంకా ఘోరం. లాడ్జింగ్ హౌసులని ఉండేవి. ఒక్కో గదిలో పట్టే మనుషుల సంఖ్యకు మునిసిపాలిటీ పరిమితి పెట్టింది. ఆ పరిమితి కాగితం మీదే ఉండిపోయింది. పగలు పనికి పోయినవాళ్ల చాపల మీద రాత్రి పనివాళ్లు, రాత్రి పోయినవాళ్ల చోట పగటివాళ్లు పడుకునేవాళ్లు.

ఇది చదువుతుంటే నాకు గొంతులో ఏదో అడ్డం పడింది. ఎందుకో చివర్లో చెప్తాను.

1930 మే

అది మామూలు నెల కాదు. మే 5న ఇక్కడ గాంధీ గారిని అరెస్టు చేశారు. అదేరోజు రాత్రి పెగూలో పెద్ద భూకంపం, వందల మంది చనిపోయారు, రంగూన్ కూడా కదిలింది. అదే నెలలో రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మెకు దిగారు.

కంపెనీలు ఏం చేశాయంటే, సమ్మెను విరగ్గొట్టడానికి బర్మా కూలీలను పనిలోకి దించాయి. ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం మొదలైన రోజులవి. వడ్ల ధర పడిపోతోంది. పల్లెల నుంచి వచ్చిన బర్మా యువకులకు మొదటిసారి రేవులో పని దొరికింది. ఆశపడ్డారు. రెండు మూడు వారాలు గడిచాయి. కంపెనీలు తెలుగువాళ్లతో రాజీ చేసుకుని కొంచెం కూలి పెంచాయి. మే 26 పొద్దున తెలుగు కూలీలు తిరిగి పనిలోకి వచ్చారు. ఎప్పటిలాగే పనికని వచ్చిన బర్మావాళ్లకు ఇక పని లేదన్నారు.

ఎగతాళి మాటలు, తోపులాట, తర్వాత కర్రలు, కత్తులు. రెండు మూడు రోజులు ఊరంతా వేట. చనిపోయినవాళ్లు అధికారిక లెక్కలోనే వందకు పైన, గాయపడ్డవాళ్లు వందల్లో. ఎక్కువమంది తెలుగువాళ్లు. అప్పుడు రంగూన్‌లో మేజిస్ట్రేటుగా ఉన్న మారిస్ కోలిస్ తర్వాత 'ట్రయల్స్ ఇన్ బర్మా' అనే పుస్తకంలో ఆ రోజుల గురించి రాశాడు. తెలుగువాళ్లు భయపడి లోపల దాక్కోవడంతో ఓడల పని ఆగిపోయింది, వీధులు, పాయఖానాలు శుభ్రం చేసేవాళ్లు లేకుండా పోయారు. ఊరు ఎవరి మీద నడుస్తోందో ఆ నాలుగు రోజులు అందరికీ తెలిసింది.

ఇక్కడ నేను ఒక పక్షం తీసుకోవడం చాలా తేలిక. మనవాళ్లు చచ్చిపోయారు, వాళ్లు చంపారు అని కథ ముగించొచ్చు. అట్లా చెప్తే అబద్ధం అవుతుంది. బర్మావాళ్ల కోపానికి కారణాలున్నాయి. దేశం పోయింది. రాజధానిలో వాళ్ల భాషే వినపడటం లేదు. ధరలు పడి అప్పు కట్టలేక పొలాలు పోతున్నాయి. కింది బర్మాలో వరి పండే 13 ముఖ్య జిల్లాల్లో చెట్టియార్ల చేతిలో ఉన్న భూమి 1930లో 6 శాతం. 1938కి అది 25 శాతమైంది. అంత కోపం ఉన్నప్పుడు అది ఎవరి మీద పడాలి? బ్రిటిష్ కంపెనీ మేనేజరు బంగళా దూరం. చెట్టియార్ పెట్టెకు తాళం ఉంటుంది. చేతికి అందేది రోడ్డు మీద బస్తా మోసే కొరింగీ మాత్రమే. పేదవాడు పేదవాడిని కొట్టాడు. కూలి ఎంత ఇవ్వాలో, ఎవరిని పెట్టుకోవాలో తేల్చినవాళ్లకు గీత కూడా పడలేదు.

దారులు మూసుకుపోయిన రోజు

1941 డిసెంబర్ 23. జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులేశాయి. వాళ్లకు ఈ రేవు చాలా ముఖ్యం. ఎందుకంటే యుద్ధంలో ఉన్న చైనాకు అమెరికా పంపే లారీలు, ఆయుధాలు ఇక్కడే దిగేవి. ఇక్కడి నుంచి రైల్లో లాషియో, అక్కడి నుంచి బర్మా రోడ్డు మీద చైనాలోని కున్‌మింగ్. ఆ దారి తెంపాలంటే రేవును కొట్టాలి.

ఆ ఒక్కరోజే వెయ్యి మందికి పైగా చనిపోయారని అంచనా. మొదటిసారి విమానాలు చూసి జనం తలెత్తి చూస్తూ వీధుల్లోనే నిలబడిపోయారట. క్రిస్మస్ రోజు మళ్లీ దాడి. రేవు కూలీలు ఊరు వదిలి ప్రోమ్ రోడ్డు పట్టారు. కూలీలు లేకపోతే ఓడలు ఖాళీ కావు. క్రేన్లు ఉన్నాయి, రైలుంది, కాలువుంది, గోడ కట్టి తిప్పుకున్న నదుంది. సరుకు మాత్రం కదల్లేదు. అందుకని ప్రభుత్వం వాళ్లకు నచ్చజెప్పి వెనక్కి రప్పించే ప్రయత్నం చేసింది. కొంతమంది నమ్మి వెనక్కి వచ్చారు కూడా.

తర్వాత ఓడల్లో చోటు దొరకలేదు. టికెట్ కొనగలిగినవాళ్లు, పలుకుబడి ఉన్నవాళ్లు ముందు వెళ్లారు. మిగిలినవాళ్లకు కాళ్లే దిక్కు. ప్రోమ్ దాకా పోయి, అరకాన్ కొండల్లో తౌంగుప్ కనుమ దాటి, అక్యాబ్ మీదుగా చిట్టగాంగ్. ఇంకో దారి ఉత్తరాన తము మీదుగా ఇంఫాల్. తాగడానికి నీళ్లు లేవు, కలరా వచ్చింది, దారి పక్కన శవాలు. అట్లా నాలుగైదు లక్షల మంది భారతీయులు నడిచారు. దారిలో ఎంతమంది పోయారో ఎవరూ సరిగ్గా లెక్కపెట్టలేదు. పది వేల నుంచి యాభై వేలు, ఆపైన కూడా అంచనాలున్నాయి. 1942 మార్చి 8న జపాన్ సైన్యం రంగూన్‌లోకి వచ్చింది. అంతకు ఒకరోజు ముందే సిరియం రిఫైనరీని బ్రిటిష్ వాళ్లే పేల్చేసి పోయారు. ఐరావతి ఫ్లొటిల్లా స్టీమర్లను శత్రువుకు దక్కకుండా కంపెనీయే నదిలో ముంచేసింది. వందల స్టీమర్లు. ఎన్ని మునిగాయో రికార్డు ఉంది. నడిచి పోయినవాళ్లకు అట్లాంటి రికార్డు లేదు.

చాయ్ బండి పెద్దాయన ముత్తాత ఎక్కడ ఆగిపోయాడో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. అల్లర్లలోనా, బాంబుల్లోనా, కొండల్లోనా, లేక అక్కడే ఇంకో ఇల్లు కట్టుకుని బతికాడా? "రంగమెల్లిపోనాడు" అన్న రెండు ముక్కలే వాళ్లకు మిగిలాయి.

యుద్ధం తర్వాత కొందరు మళ్లీ వెళ్లారు. 1962లో నె విన్ సైనిక ప్రభుత్వం వచ్చింది. 1964లో దుకాణాలు జాతీయం చేసి, పెద్ద నోట్లు రద్దు చేశాక, సుమారు మూడు లక్షల మంది భారతీయులు తిరుగు ఓడలెక్కారు. వాళ్లలో కొన్ని కుటుంబాలు విశాఖలో కంచరపాలెం దగ్గర స్థిరపడ్డాయి. ఆ చోటును ఇవాళ్టికీ బర్మా క్యాంపు అనే అంటారు. మయన్మార్‌లో ఇప్పటికీ తెలుగు కుటుంబాలు ఉన్నాయి.

మా ఇంటి వెనక గదులు

ఇప్పుడు ఆ గొంతులో అడ్డం పడిన సంగతి.

మా ఇంటి వెనక నాన్న రెండు రేకుల గదులు వేశాడు. అద్దెకు ఇచ్చాం. జార్ఖండ్ పిల్లలు ఉంటారు. అద్దె గదికి కాదు, మనిషికి ఇంత. ఒక్కో గదిలో ఎనిమిది మంది. ఎప్పుడు చూసినా సగం మంది నిద్రలో ఉంటారు. ఎందుకంటే డే షిఫ్టు వాళ్ల పరుపు మీదే నైట్ షిఫ్టు వాళ్లు పడుకుంటారు. ఇన్నేళ్లూ నాకది మామూలుగానే కనిపించింది. రంగూన్ లాడ్జింగ్ హౌసుల గురించి చదివిన రోజు రాత్రి నీళ్ల కోసం లేచి వెనక్కి వెళ్తే, ఆ గది తలుపు దగ్గర పదహారు జతల చెప్పులు కనిపించాయి.

2020 కూడా గుర్తొచ్చింది. లాక్‌డౌన్‌లో శంషాబాద్ దగ్గర హైవే మీద నెత్తిన మూటలతో నడిచిపోయిన జనాన్ని నేను ఫోన్లో వీడియో తీశాను. మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు బయల్దేరింది, సుమారు 1,200 మందితో. అప్పటికి నడిచేవాళ్లు ఎన్ని వందల కిలోమీటర్లు నడిచేశారో. 2008లో మొదలైన ఎయిర్‌పోర్టు, 158 కిలోమీటర్ల ఔటర్, పక్కనే రైలు పట్టాలు. మా ఏరియాకు సముద్రం లేకపోయినా ఇప్పుడిదొక రేవే. కనెక్టివిటీ అదిరిపోయిందని రియల్ ఎస్టేట్ బ్రోచర్లలో రాస్తున్నారు. ఆ కనెక్టివిటీ కట్టినవాళ్లకు మాత్రం ఆ నెలంతా కాళ్లే కనెక్టివిటీ.

మా ఊరి వాట్సాప్ గ్రూపులో అప్పుడప్పుడు ఒక మెసేజ్ తిరుగుతుంటుంది. "నార్త్ వాళ్లొచ్చి మన పనులు గుంజుకుంటున్నారు" అని. నేను కూడా ఒకసారి ఫార్వర్డ్ చేశాను, దాచడం ఎందుకు. లోకల్ పిల్లలకు పని దొరకాలన్నది న్యాయమైన మాటే. కానీ ఆ కోపం రేటు తేల్చే కాంట్రాక్టరు దాకా ఎప్పుడూ పోదు, చాయ్ బండి దగ్గర నిలబడ్డ పిల్లాడి మీదే పడుతుంది. 1930 మే 26న రంగూన్‌లో మనవాళ్ల గురించి అనుకున్నది ఇదే మాట. భాష మాత్రమే వేరు.

నాన్నతో మాట్లాడాను. "వాళ్లే అంతమందిమి ఉంటామంటున్నారు, నేనేమన్నా బలవంతం చేసిన్నా?" అన్నాడు. అది కూడా నిజమే. తక్కువమంది ఉంటే తలా ఎక్కువ కట్టాలి, ఊరికి పంపే డబ్బు తగ్గుతుంది. వాదన తెగలేదు. ఇప్పటికి అయిందల్లా గదికో కిటికీ పెట్టించాం, ఇంకో బాత్రూం కట్టించాం, అద్దె మనిషి లెక్కన కాకుండా గది లెక్కన చేశాం. దీనితో చరిత్ర మారిపోదని నాకూ తెలుసు. ఇంకొకటి చేశాను. గదుల్లో ఉన్న పదహారు మంది పేర్లు, ఊర్లు, ఇంటి ఫోన్ నంబర్లు ఒక నోట్‌బుక్‌లో వాళ్లతోనే రాయించుకున్నాను. రేపు ఏదైనా అయితే, ఫలానా మనిషి ఎక్కడ ఆగిపోయాడో వాళ్ల ఇంట్లో తెలియాలి కదా.

మీలో ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల వాళ్లుంటే ఇవాళ ఇంట్లో పెద్దవాళ్లను ఒక్క ప్రశ్న అడగండి. మన ఇంట్లో ఎవరైనా రంగం పోయారా? పేరు తెలిస్తే రాసిపెట్టుకోండి. తెలంగాణ వాళ్లయితే గుంపు మేస్త్రీ గురించి అడగండి, దుబాయ్ పోయినోళ్ల గురించి అడగండి. వాళ్ల తరం పోయాక చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు.

ఈ వారానికి ఇంతే. మళ్లీ కలుద్దాం, ఉంటాను.